అక్క కోసం అతికించిన పుస్తకం

లయిలో మైలుతుత్తం వేయకుండా పుస్తకంలో ఏదీ అతికించకూడదు. మైదాపిండిని చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికించి, దించే ముందు గోరంత మైలుతుత్తం పొడి వేయాలి. అది విషం. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు. మైలుతుత్తం లేకపోతే వానాకాలం వచ్చేసరికి పురుగులు లయి కోసం పేజీలోకి దూరి, బొమ్మల వెనక నుంచి కాగితాన్ని జల్లెడ చేసి పెడతాయి.

ఇది నాకు ఎలీసబెతు టీచరమ్మ నేర్పింది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే.

నేను దర్జీ సంగప్ప భార్యను. నారాయణఖేడ్‌లో బస్సు డిపోకు పోయే దారిలో మా కుట్టుమిషను ఉండేది. ఆయన పోయిన తర్వాత ఆ మిషను ముందు నేను కూర్చున్నాను. జాకెట్లు, లంగాలు, డిపో డ్రైవర్లకూ కండక్టర్లకూ ఖాకీ బట్టలు కుట్టేదాన్ని. కొలతలు రాసుకోవడం రాదు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో పురికొస పెట్టుకుని, ఛాతీకి ఒక ముడి, నడుముకు ఒక ముడి, చేతికి ఒక ముడి వేసేదాన్ని. గోడ మేకుకు ఆ పురికొసలు గుత్తిగా వేలాడేవి. ఏ పురికొస ఎవరిదో నాకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

తొంభై ఒకటిలో మా వాడకు సాయంత్రం బడి వచ్చింది. అప్పటికే నా తల సగం నెరిసింది. ఇప్పుడు చదువేమిటని సిగ్గుపడుతూనే పలక పట్టాను. అ, ఆ లు వచ్చాక, వాటిని కలిపి మాటలు చేయడం వచ్చాక, టీచరమ్మ ఒక పని పెట్టింది. ఒక్కొక్కరూ ఒక పాత నోటుపుస్తకం తెచ్చుకోవాలి. ఇంట్లో దొరికే కాగితాలు, బొమ్మలు, ఆకులు, ఏవైనా సరే అందులో అందంగా అతికించి, కింద ఒకటి రెండు మాటలు రాయాలి. బడి పిల్లలు దాన్ని స్క్రాప్ బుక్కు అంటారట. మేం అతుకుల బుక్కు అన్నాం.

మొదట్లో అందరూ సబ్బు కాగితాలు, అగ్గిపెట్టె బొమ్మలు అతికించారు. నాకు ఆ పని చాలా నచ్చింది. అక్షరం రాయాలంటే చెయ్యి వణికేది కాని, కత్తెర పడితే వణికేది కాదు. చింతాకు రెమ్మను ఎండలో పెడితే రంగు పోతుంది. పాత పేపర్ల మధ్య పెట్టి పైన ఇస్త్రీపెట్టె బరువు పెట్టి నీడలో వదిలితే పచ్చగానే ఎండుతుంది. పగిలిన గాజులను గుడ్డలో మూటగట్టి దంచితే వచ్చే పొడిని తడి లయి మీద చల్లితే వెలుగు తగిలినప్పుడు మెరుస్తుంది. పేజీని నాలుగు మూలలా నింపేయకూడదు. ఒక పక్క కొంచెం ఖాళీ వదలాలి. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. పాడుచేసి నేర్చుకున్నాను.

నా మిషను కింద ఎప్పుడూ గుడ్డ పీలికలు కుప్పగా ఉండేవి. అందుకని కాగితం కంటే గుడ్డతోనే ఎక్కువ బొమ్మలు చేశాను. మొదటి గుడ్డబొమ్మ ఒక పిట్ట. నీలి జాకెట్ ముక్కతో కత్తిరించి, పేజీకి చుట్టూ సన్నగా సూదితో కుట్టాను. మరుసటి సాయంత్రం బడిలో అది చూపించాను.

నా పక్కన కూర్చునే హన్మమ్మ కూరగాయలు అమ్ముతుంది. ఆమె నోటికి జడిసి బజారులో ఎవరూ బేరం ఆడరు.

"ఏందే మణెమ్మా, బుక్కు చేస్తున్నవా, బొంత కుడుతున్నవా?" అంది హన్మమ్మ.

"గుడ్డ గద. కుడితే గట్టిగుంటది."

"మస్తు గట్టిగుంటది. సలికాలం కప్పుకొని పండుకో. చదువొచ్చినోళ్ల బుక్కుల సూది ఏడన్న చూసినవా నువ్వు?"

అందరూ నవ్వారు. "కుట్టినా మంచిగనే ఉంటది, అట్లనే ఉంచు మణెమ్మా" అంది టీచరమ్మ. ఆమె మాట నా చెవిన పడింది కాని మనసుకు పట్టలేదు. హన్మమ్మ మాటే పట్టింది. పెళ్లయిన నాటి నుంచి సూదీ దారమే నా బతుకు. ఈ ఒక్క పుస్తకమైనా దర్జీదాని పనిలా ఉండకూడదనుకున్నాను. ఇంటికి పోయి పిట్ట కుట్లు విప్పేసి, దాని వెనక అంతా లయి పూసి, అరచేత్తో ఒత్తి అతికించాను. ఆరిన తర్వాత అచ్చువేసిన బొమ్మలా నున్నగా నిలబడింది. ఇదే పద్ధతి అనుకున్నాను.

ఆ దసరా వెళ్లాక మా అక్క సిద్దమ్మ వచ్చింది. మా పుట్టినూరు బోరంచ. మేం ఇద్దరమే ఆడపిల్లలం. అక్కను నాగల్‌గిద్దలో మాణిక్యప్ప బావకిచ్చారు. కర్ణాటక సరిహద్దు కావడంతో ఆమె మాటల్లో కన్నడం కలిసిపోయింది. నన్ను చెల్లె అనడం మానేసి ఎప్పటి నుంచో తంగీ అనే పిలుస్తోంది. కళ్లు మసకబారుతున్నాయని బీదర్ దవాఖానలో చూపించుకుని, తిరిగిపోతూ నా దగ్గర దిగింది.

"ఏమన్నడే డాక్టరు? మోతిబిందా, కంట్ల పొర పెరిగిందా?" అని అడిగాను.

"మోతిబిందైతే మంచిగుండు. కోసి తీసేస్తుండె. నరం ఎండుతుందట. కోసినా రాదట. చుక్కల మందు ఇచ్చిండు. అది పోసుకుంటే కొన్ని దినాలు ఆగుతదట."

"అటెంక?"

"అటెంక ఏముంది. మీ బావ మొకం చూసే బాధ తప్పుతది."

అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అంతలో ఆమె మిషను మీదున్న నా పుస్తకం తీసుకుని, ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టుకుని, తల పక్కకు వంచి చూడసాగింది. ఎదురుగా కంటే పక్క నుంచే ఆమెకు కొంచెం బాగా కనిపించేది. పిట్ట పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.

"గిదంత నువ్వే చేసినవా?"

"ఆఁ."

"నాకొకటి చెయ్, తంగీ."

"నీకెందుకే, చదవరాదు గద."

"చదివేందుకు కాదు, చూసేందుకు. మన బోరంచ ఇల్లు పెట్టు. నాయిన దున్నిన చెలక పెట్టు. అమ్మ రొట్టె కొట్టేది, బోనం ఎత్తుకొని నల్లపోచమ్మ గుడికి పోయేది, అన్నీ పెట్టు. మనకు ఒక్క ఫోటువ లేకపాయె. చూపున్నప్పుడే ఒక్కపారి అంత మంచిగ చూసుకుంట. ఒకపారి చూసినదైతే కండ్లు పోయినంక గూడ లోపట ఉంటది. చూడంది ఏడికెల్లొస్తది?"

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. బజారుకు పోతే ఉప్పు తెమ్మన్నట్టుగా అంది.

"చేస్త" అన్నాను.

"జల్దీ చెయ్."

"కందులు కోసేనాటికి నేనే తెచ్చిస్త."

దవాఖాన చీటీని అక్క ఒక గుడ్డలో చుట్టి నడుముకు దోపుకుంది. ఆకుపచ్చ గుడ్డ, ఎర్ర అంచు. చూడగానే గుర్తుపట్టాను. అమ్మ పోయినప్పుడు ఆమె చీరను మేమిద్దరం చెరిసగం చించుకున్నాం. నా సగం నా పిల్లల ఉయ్యాలకు, తర్వాత మసిగుడ్డలకు పోయింది. అక్క తన సగంలో మిగిలిన ఈ ముక్కను ఇన్నేళ్లూ దాచుకుంది. చేనుకు పోతే తలకు చుట్టుకునేది, ఊరికి పోతే ఏదో ఒకటి మూటగట్టుకునేది.

"అది నాకియ్యక్కా. అమ్మ పేజీల పెడత."

"మొత్తమా?" అంది అక్క.

"పేజీ నిండాలె గద."

చీటీని విప్పి పక్కన పెట్టి, గుడ్డను రెండు వేళ్ల మధ్య ఒకసారి నలిపి, నా ఒళ్లో వేసింది.

అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. బజారులో కొత్త డ్రాయింగు పుస్తకం కొన్నాను. దాని కాగితం మందంగా ఉంటుంది, తడికి ఉబ్బదు. కండక్టర్ల ఖాకీ పీలికలతో నాన్న చెలక చేశాను. పోగులు ఒక్కొక్కటి లాగేస్తే దున్నిన చాళ్లు పడ్డాయి. చెలక పక్కన కంది చేను. కంది పువ్వు ఎండితే నల్లబడుతుంది. అందుకని కాగితాన్ని పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి, చిన్న చిన్న పువ్వులుగా కత్తిరించాను. మా పాత ఇంటికి నిజంగా ఎర్రమన్నే వాడాను. మన్ను జల్లించి తడి లయి మీద చల్లి, ఆరాక ఊది పారేస్తే అంటుకోవాల్సిందే అంటుకుని మిగతాది పోతుంది. బోనం కుండకు పెంకు పొడి, దాని మీద సున్నం చుక్కలు, మూతి చుట్టూ నీడలో ఎండిన వేపాకులు.

అమ్మ పేజీ చివరకు పెట్టుకున్నాను. నాకు మొఖం వేయడం రాదు. వేస్తే అమ్మలా ఉండదు. అందుకని పొయ్యి ముందు కూర్చుని రొట్టె కొడుతున్న అమ్మను వెనక నుంచి చేశాను. పెద్ద కొప్పు, వంగిన వీపు. వీపు మీద కొంగు మడతలు పడేలా ఆ చీర ముక్కను సర్ది, ఒక్కొక్క మడత కిందా పైనా వేలితో లయి పూసి, కదలకుండా రాత్రంతా బరువు పెట్టాను. తెల్లారి చూస్తే మడతలు చెక్కినట్టు నిలబడ్డాయి. కింద నీలి సిరాతో "అమ్మ రొట్టె కొడుతుంది" అని రాశాను. రొట్టెలో ట కింద వత్తు వంకరపోయింది. మిగతా అంతా బాగానే వచ్చింది.

కంది చేలు ఇంకా కోతకు రాకముందే పుస్తకం పూర్తయింది. అక్క దగ్గరికి పోయే ముందు ఒకసారి బడిలో చూపిద్దామనుకున్నాను. పుస్తకం అక్కడే ఆగిపోయింది.

ఎలీసబెతు టీచరమ్మ మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పి చూసింది. తర్వాత, "సంగారెడ్డిల ఇట్లాంటి సాయంత్రం బడులన్నిటికీ ఒక ప్రదర్శన పెడుతుండ్రు. దీన్ని అక్కడ పెడదామా?" అని అడిగింది.

హన్మమ్మ నా చేతిలోంచి పుస్తకం లాక్కుని చూసింది. "ఇప్పుడైంది బుక్కు. మొన్నటిది దొంగ పిల్లి దూరిన బొంత లెక్క ఉండె" అంది. నిజం చెప్పాలంటే టీచరమ్మ అడిగిన మాట కంటే హన్మమ్మ ఒప్పుకున్న మాటే నన్ను ఎక్కువ లొంగదీసింది.

"అక్కకు ఇయ్యాలంటివి గద?" అంది టీచరమ్మ. ఆమెకు నేనే చెప్పాను.

"కోతలకు ఇంక దినాలున్నయి. చూపించుకొని తెచ్చుకుందం" అన్నాను.

పదిమంది చేతులు పడితే మాసిపోతుందని టీచరమ్మ అంది. మన ఇళ్లలో కొత్త వస్తువు ఏది వచ్చినా దాని కవరు తీయం. రేడియో కవరు చిరిగిపోయేదాకా రేడియో మీదే ఉంటుంది. నేను కూడా అలాగే చేశాను. చీరల దుకాణంలో అడిగి లోపలిది కనిపించే ప్లాస్టిక్ కవర్లు తెచ్చి, పేజీ కొలతకు కత్తిరించి, ప్రతి పేజీ మీదా పరిచి, నాలుగు పక్కలా టేపు వేశాను. దాని కింద రంగులు ఇంకా నిగనిగలాడాయి.

సంగారెడ్డిలో ఒక పెద్ద హాలు. బల్లల మీద పుస్తకాలు. నా పుస్తకం ముందు ఒక అట్టముక్క నిలబెట్టి ఉంది. నేను దగ్గరికి పోయి కూడబలుక్కుని చదివాను. "చేతితో ముట్టరాదు." చదవగలిగినందుకు సంతోషపడ్డాను. ఎవరో పెద్ద ఆఫీసరు వంగి చూసి, "ఈ చాళ్లు ఎట్ల తీసినవమ్మా?" అని అడిగాడు. పోగులు లాగడం చూపించాను. ఆయన పక్కనున్నవాళ్లను పిలిచి వాళ్లకూ చూపించమన్నాడు. సంగప్ప బతికున్నన్నాళ్లూ, పోయిన తర్వాతా, నేను కుట్టిన బట్ట గురించి జనం బిగుతైందనో వదులైందనో తప్ప ఇంకోమాట అడగలేదు.

సాయంత్రం ఆ పుస్తకాన్ని వేరే ఊళ్లలో కూడా చూపిస్తామని వాళ్లు టీచరమ్మను అడిగారు. ఆమె నన్ను పక్కకు తీసుకుపోయింది.

"ఇయ్యాల్నా వద్దా నువ్వే చెప్పు, మణెమ్మా. ఇస్తే ఎప్పుడొస్తదో నేను చెప్పలేను. మీ అక్క సంగతి నీకే ఎరుక."

ఆమె నన్ను తొందరపెట్టలేదు. వద్దంటే అప్పుడే చేతికి తీసుకుని బస్సెక్కేదాన్ని.

"అక్క ఏడికి పోతది. ఒక నెల ఆగుతది" అన్నాను.

కంది కోతలు వచ్చాయి, పోయాయి. నాగల్‌గిద్ద బస్సు కండక్టరు కిష్టప్ప నా దగ్గరే బట్టలు కుట్టించుకునేవాడు. ఒకరోజు చొక్కాకు గుండీ ఊడిందని వచ్చి, "మీ అక్క బస్టాండుల కూసొని ఉండె. బుక్కు అయిందా అని అడగమన్నది" అన్నాడు.

"అయిందని చెప్పు. జల్దీ తెస్తదని చెప్పు."

చలి తగ్గాక మళ్లీ వచ్చాడు. "మీ అక్క మల్ల అడిగింది. నన్ను చూసి కాదు, బస్సు చప్పుడు విని లేచొచ్చింది" అన్నాడు. చుక్కల మందు అయిపోయిందేమో అనుకున్నాను. మా ఊరి బస్సు చప్పుడుకు ఆమె ఎందుకు లేచొచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. టీచరమ్మతో చెబితే ఆమె సంగారెడ్డి పోయి అడిగి వచ్చింది. పుస్తకం వేరే జిల్లాలో ఉందట. ఎండాకాలం మొత్తం ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూ గడిచింది. వట్టిచేతులతో పోవడానికి మొఖం చెల్లక, అక్కను చూడటానికి కూడా పోలేదు. అన్నిటికంటే అదే ఇప్పుడు నన్ను తింటోంది. పుస్తకం లేకపోతే ఏం, నేను పోయి కూర్చుని ఉంటే ఆమె నా మొఖమైనా చూసుకునేది.

తొలకరి పడ్డాక పుస్తకం వచ్చింది. ప్లాస్టిక్ పుణ్యమా అని ఒక్క మరక లేదు. ఆ రోజే నాగల్‌గిద్ద బస్సెక్కాను.

అక్క వసారాలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. చూపు చేట మీద లేదు, ఎదురుగా గోడ మీద ఉంది. వేళ్లు మాత్రం రాళ్లు ఏరి పక్కన పడేస్తున్నాయి. బావ నన్ను చూసి వాకిట్లోకి వచ్చాడు.

"ఎండలు ముదిరినప్పుడే కండ్లు పోయినయి, మణెమ్మా. ఇప్పుడు పగలో రాత్రో తెలుస్తది, అంతే" అన్నాడు.

"ఒక్క మాట పంపొద్దా, బావా?"

"పంపుదమంటే వద్దన్నది. పరేషానై పని ఖరాబు చేసుకుంటది, నిమ్మళంగ చెయ్యనీ అన్నది."

అక్క అప్పటికే చేట దించింది. "మణెమ్మేనా? నడక చప్పుడు పడ్డది. రా తంగీ. తెచ్చినవా?"

"తెచ్చిన."

రెండు చేతులూ చాచింది. పుస్తకం ఒళ్లో పెట్టాను. ఎంతో నెమ్మదిగా అట్ట తెరిచింది. అరచెయ్యి పేజీ మీద పెట్టి ఒక మూల నుంచి ఇంకో మూల దాకా జరిపింది. తర్వాత పేజీ తిప్పి మళ్లీ జరిపింది. ఇంకో పేజీ. ఇంకో పేజీ. నేను చెలక అని చెబుతున్నాను, కంది చేను అని చెబుతున్నాను.

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయేందే? అద్దం మీద చెయ్యి పెట్టినట్టుంది" అంది అక్క.

"పైన కవరుంది."

"కవరెందుకు?"

"పదిమంది ముట్టుకుంటే మాసిపోతదని."

"నేనే గద ముట్టేది."

నేను లోపలికి పోయి బ్లేడు తెచ్చుకున్నాను. టేపు కోసి ఒక్కొక్క కవరు తీశాను. చేను పేజీలో పసుపు పువ్వులు ప్లాస్టిక్‌తో పాటు లేచి వచ్చేశాయి. ఖాకీ చాళ్లు నిలిచాయి. అక్క వేళ్లు వాటి మీద పోతుంటే, "గిది దున్నినట్టుంది" అంది. నాకు కొంచెం ప్రాణం లేచివచ్చింది. ఎర్రమన్ను ఇంటి మీద చెయ్యి పెట్టి, "గరుకుగుంది, గోడనా?" అని తనే అడిగింది. నేను తొందరగా అమ్మ పేజీ తీశాను.

"గిది అమ్మ. పొయ్యి ముంగట కూసున్నది. నువ్విచ్చిన చీరనే."

అక్క మొఖం మారింది. రెండు చేతుల వేళ్లూ ఆ వీపు మీద పెట్టింది. ఒకసారి రాసింది. చివర పట్టుకుని నలపబోయింది. నలగలేదు. గోరుతో తట్టి చూసింది. టకటకమని చప్పుడైంది.

"ఇది కాదు. ఇది అట్ట" అంది.

"అదే అక్కా. లయి పూసిన. ఆరినంక గట్టిపడ్డది."

"ఇంత గట్టిగనా?"

"మడత నిలవాలని కిందా మీదా అంత పూసిన."

"కుడితే కాకపోవునా? నీకు కుట్టరాకనా?"

హన్మమ్మ నవ్విందని చెప్పనా? నాలుగు మూలలా నాలుగు కుట్లు వేసి ఉంటే ఆ గుడ్డ గుడ్డలాగే ఉండేది, వేళ్ల మధ్య నలిగేది, మడత కింద వేలు దూరేది. బొంతలు కుట్టే చేతులే మా ఇద్దరివీ.

అక్క పుస్తకాన్ని మూయలేదు, తోసేయలేదు. ఆ గట్టి గుడ్డ మీద చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చుంది.

"కంది కోతలప్పుడు తెస్తే చూస్తుంటినే" అంది. కోపం లేదు ఆ మాటలో. మళ్లీ తనే, "మంచిగుండెనా?" అని అడిగింది.

"ఏంది?"

"ఈ పేజీ. చూసినోళ్లు మంచిగుంది అన్నరా?"

"అన్నరు."

"అయితే మంచిదే." అని, గుడ్డ అంచు మీద వేలు ఆపి, "ఇది ఊడదా?" అంది.

"నానబెడితే ఊడుతది. కాని పేజీ పోతది, అక్కా."

"పోతే పోనీ. బుక్కంత నీ దగ్గర్నే ఉంచుకో, పదిమందికి చూపించు. నాకీ గుడ్డ కావాలె."

బావ చేత గంగాళంలో గోరువెచ్చని నీళ్లు పెట్టించాను. బ్లేడుతో అమ్మ పేజీని పుస్తకం నుంచి కోశాను. నీళ్లలో వేయగానే కాసేపు పడవలా తేలింది. తర్వాత మునిగింది. ముందు అక్షరాలు కదిలాయి. వంకర వత్తు, ఆ పక్క మాటలు, అన్నీ నీలిగా సాగి నీళ్లలో కలిశాయి. పొయ్యి ఊడిపోయింది. కాటుక పూసిన కాగితంతో చేసిన కొప్పు నల్లగా కరిగింది. కాగితం మెత్తబడి ముద్దయింది. అక్క మోచేతుల దాకా నీళ్లలో పెట్టి, ఆ ముద్దలోంచి గుడ్డను వెతికి పట్టుకుంది.

"మెల్లగ. అంచు చిరుగుతది" అన్నాను.

"నాకు తెలువదా" అంది.

నీళ్లు మార్చి మళ్లీ ఉతికాం. లయి జిగురుగా వదులుతూ పోయింది. మైలుతుత్తం ఉంది, చేతులు నోట్లో పెట్టుకోకని చెప్పాను. "ఇప్పుడు విషం గూడ తినిపిస్తవా నాకు" అంది. ఇద్దరం ఒక చివర ఒకరం పట్టుకుని పిండాం. దండెం మీద ఆరేశాం. ఆకుపచ్చ అంతకుముందు కంటే వెలిసింది, ఎర్ర అంచు మాత్రం అలాగే ఉంది. అక్క దండెం పక్కనే పీట వేయించుకుని కూర్చుని, ఆరిందా లేదా అని మాటిమాటికీ చెయ్యి పెట్టి చూసుకుంది.

సాయంత్రం బస్సు వచ్చింది. కిష్టప్ప కొట్టిన విజిల్ వినిపించింది. నేను లేవలేదు.

ఆరిన గుడ్డను అక్క ఒళ్లో పరుచుకుంది. చేత్తో మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. చాలామటుకు మెత్తబడింది. ఒక మూల మాత్రం, నేను లయి రెండోసారి పూసిన చోట, ఇంకా బిర్రుగానే ఉంది. అక్క ఆ మూలను వేలికి చుట్టుకుని, బొటనవేలి గోటితో కొంచెం కొంచెం గీకడం మొదలుపెట్టింది. తెల్లని పొడి ఆమె చీర మీద రాలుతోంది. నేను ఆ పొడి దులుపుతూ పక్కన కూర్చున్నాను.